బ్రేకుల దున్న

కొత్తగా వచ్చిన డాక్టరు అతని చొక్కా విప్పించి చూశాడు. రెండు భుజాల మీదుగా ఛాతీ కిందికి, మళ్ళీ నడుం చుట్టూ, అరచెయ్యి వెడల్పున కమిలిపోయిన చారలు. కొన్ని నల్లగా, కొన్ని పసుపు పచ్చగా, కొన్ని ఆ పూటే తేలినట్టు ఎర్రగా. డాక్టరు అతన్ని బయట కూర్చోమని, భార్యను లోపలికి పిలిచి గొంతు తగ్గించి అడిగాడు.

"ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అమ్మా?"

"కారు కొడుతుందండీ," అందామె. "ఆదివారం ఒక్కరోజే వదిలేస్తుంది."

ఈ మాట మా ఫ్యాక్టరీలో చాలాకాలం తిరిగింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. మేము తయారు చేసేవి గంటకు నాలుగు వందల కిలోమీటర్లు దాటే కార్లు. ఏడాదికి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే గేటు దాటేవి. నేను టైర్ల విభాగంలో ఉండేవాణ్ణి. అతను టెస్ట్ డ్రైవరు. వేగం పెంచి చూసే డ్రైవర్లు వేరే ఉండేవారు, ఫొటోల్లో వాళ్ళే ఉండేవారు. ఇతని పని ఆపడం. మెడ తలకంటే వెడల్పుగా ఉండేది కాబట్టి అందరూ దున్న అనేవాళ్ళు. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు గాని, మొహం మీద అనడానికి కాస్త చనువుండాలి.

కారును టెస్ట్ ట్రాకు మీదికి తీసుకెళ్ళి, ఇంజను ఎంత ఇవ్వగలదో అంతా పిండుకుని, అప్పుడు ఒంట్లో ఉన్న బలమంతా ఒక కాల్లోకి తెచ్చుకుని బ్రేకు తొక్కాలి. ఆగాక మళ్ళీ మొదటికొచ్చి మళ్ళీ అదే. వేగం రెట్టింపైతే, ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. వంద దగ్గర ఆగే మామూలు కారుకీ, నాలుగొందల దగ్గర ఆగాల్సిన మా కారుకీ ఉన్న తేడా పదహారింతలు. ఆ శక్తంతా ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా. అది వేడిగా మారి చక్రాల లోపలున్న నాలుగు డిస్కుల్లోకి దిగుతుంది. ఇనప డిస్కులు ఆ వేడికి పగిలిపోతాయి. అందుకని మావి కార్బన్ నారను పింగాణీ లాంటి పదార్థంతో కలిపి కొలిమిలో కాల్చినవి. దున్న తొక్కాడంటే పట్టపగలే చక్రాల సందుల్లోంచి నిప్పు రంగు కనిపించేది. అదే క్షణంలో కారు వెనకున్న రెక్క నిటారుగా లేచి గాలికి అడ్డం పడేది. ఆ వేగంలో గాలి గోడలాంటిది. చక్రాలు సగం, గాలి సగం పట్టుకుని కారును వెనక్కి గుంజేవి. లోపలున్న మనిషిని మాత్రం ఆపేవి బెల్టులే. గుండెలు, పేగులు, కళ్ళు అన్నీ ముందుకు పోతామంటాయి, బెల్టులు పోనివ్వవు.

"కళ్ళు ఊడి అద్దానికి అంటుకుంటాయేమో అనిపిస్తుంది," అన్నాడొకసారి నాతో, అన్నం తింటూ. "మొదట్లో భయమేసేది. ఇప్పుడు అది లేకపోతే ఒళ్ళు తిమ్మిరెక్కుతుంది."

అతని ఒంటికి దెబ్బలు కొత్త కాదు. గుద్దుకున్న బండ్ల సొట్టలు తీసే షెడ్డు నడిపేవాడు తండ్రి. పొద్దస్తమానం రేకు మీద సుత్తి మోత. ఆ మోతకు చెవులు మొద్దుబారాయేమో, ఇంట్లో వాళ్ళు ఏడ్చినా వినిపించేది కాదు ఆయనకు. చేతికి ఏది దొరికితే దానితో కొట్టేవాడు. మీసాలు రాకముందే ఒకరోజు కొడుకు ఆ చేతిని గాల్లోనే పట్టుకున్నాడు. పట్టుకుని ఊరుకోలేదు, మణికట్టు విరిగేదాకా తిప్పాడు. ఆ సాయంత్రమే ఇల్లు వదిలేశాడు. తర్వాత లారీలు తోలాడు, బస్సు గ్యారేజీలో పనిచేశాడు. ప్రతిచోటా ఎవరితోనో కలబడి బయటికొచ్చాడు. కోపం ముక్కు మీదే ఉండేది. మా ఫ్యాక్టరీలో మొదట తయారైన కార్లను షెడ్డు నుంచి షెడ్డుకు మార్చే పనిలో చేరాడు. బ్రేకుల విభాగానికి పెద్ద అయిన ఇంజనీరమ్మ అతని మెడ చూసి, ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఆపి చూపించిందట. అంతకుముందు అలా కూర్చున్నవాళ్ళంతా దిగి వాంతులు చేసుకున్నారు. ఇతను ఇంకోసారి ఆపమన్నాడు.

ఆ పనిలోకి వచ్చాక అతను ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. ఇంట్లో కోపమొస్తే గోడను గుద్దేవాడు. వాళ్ళ బీరువా తలుపుకు పిడికిలంత సొట్ట ఉండేది. భార్య మా దగ్గరే సీట్లకు తోలు కుట్టే గదిలో పనిచేసేది. పెళ్ళికి ముందే అతనికి ఒక మాట చెప్పింది. "నా మీద గాని, నా వాళ్ళ మీద గాని చెయ్యి లేచిందా, అదే ఆఖరు. ఏడుపులు, బతిమాలుకోడాలు ఏమీ ఉండవు." అతను సరేనన్నాడు. ఆమె వాళ్ళంటే ఒక్క తమ్ముడే. తల్లిదండ్రులు పోయాక తనే పెంచింది.

ఆ తమ్ముడు బ్రేకుల ఫిట్టరు. నోరు మూతపడదు కాబట్టి వసపిట్ట అని పేరు. బావ నడిపే కార్లకు బ్రేకులు సరిచూసేది ఈ బావమరిదే. బావ కారెక్కుతుంటే రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"బావా, మెల్లగా తొక్కు. అక్క నిన్ను నాకు అప్పగించింది, ముక్కలైతే మూట కట్టి ఇవ్వాలి."

"ముందు నీ నోటికి బ్రేకులు వెయ్యిరా ఒరేయ్."

"దానికి స్పేరు పార్టులు దొరకట్లేదు బావా."

దున్న నవ్వితే మెడ కూడా ఎర్రబడేది. వాళ్ళిద్దరూ అన్నదమ్ముల్లా ఉండేవారంటే తక్కువే. ఒకే కంచంలో తినడం నేను చూశాను.

ఆ రోజు ఎండ బాగా కాస్తోంది. కొత్త కారును కొనుగోలుదారుకు చూపించే ముందు బ్రేకులకు కడపటి పరీక్ష. డిస్కులు చల్లారనివ్వకుండా వెంటవెంటనే ఆపుతూ పోవాలి. మేమంతా ట్రాకు పక్కన సిమెంటు గోడ వెనక నిలబడ్డాం. కారు వస్తుంటే ముందు శబ్దం వినపడదు. కాళ్ళ కింద నేల అదురుతుంది, తర్వాత మోత మీద పడుతుంది. మొదట్లో అన్నీ బాగానే ఆగాయి. డిస్కులు ఎర్రగా, ఆ తర్వాత పసుపు పచ్చటి నిప్పులా వెలిగాయి. మళ్ళీ వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు.

రెక్క లేచింది. కారు ముక్కు కిందికి వంగింది. ఒక్క క్షణం బ్రేకు పట్టింది. ఆ తర్వాత ముక్కు మళ్ళీ పైకి లేచింది. బ్రేకు వదిలేశాడేమో అనుకున్నాం. అతను వదల్లేదు. పెడల్ మెత్తగా నేలకు దిగిపోయింది. మళ్ళీ మళ్ళీ తొక్కాడు. దూదిని తొక్కినట్టుందని తర్వాత చెప్పాడు. గేరు దించబోతే గేర్‌బాక్సు ఒప్పుకోలేదు. ఇంజను పగిలిపోకుండా కాపాడుకునే తెలివి దానికి మేమే పెట్టాం. ఎదురుగా మలుపు, మలుపు వెనక టైర్ల గోడ, దాని వెనక అగ్నిమాపక దళం వాళ్ళ బండి, అందులో మనుషులు.

దున్న కారును పక్కనున్న ఇనప కంచెకు రాసుకునేలా తిప్పాడు. కావాలనే చేశాడు. కంచె కారు డొక్కను నమిలేసింది. కార్బన్ పొర చీలికలై నల్లటి ముళ్ళలా ఎగిరింది. ముందు చక్రం డిస్కుతో సహా ఊడి, నిప్పులు కక్కుతూ మా తలల మీదుగా పోయి షెడ్డు గోడలో దిగబడింది. రెక్క విరిగి గాలిలో గిరగిరా తిరిగింది. కారు రెండుసార్లు బొంగరంలా తిరిగి వెనక భాగంతో టైర్ల గోడను గుద్దింది. ఇంజను తెగి విడిగా పడి మంటల్లో ఉంది. మనిషి కూర్చునే గుల్ల ఒక్కటే, పగలకుండా, కంకరలో సగం పూడిపోయి, ఆ మంటల పక్కనే ఆగింది.

అందరికంటే ముందు మంటల్లోకి పరిగెత్తింది వసపిట్ట. చేతులు కాలుతున్నా తలుపు చీలిక పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. దున్న లోపల స్పృహలోనే ఉన్నాడు. కళ్ళలో తెల్లగుడ్డు అన్నది లేదు, మొత్తం నెత్తురే. మోకాలు ఉండాల్సిన చోట లేదు.

"పెడల్ కిందికి పోయింది," అన్నాడు. "ఇంజనీరమ్మకు చెప్పండి. పెడల్ కిందికి పోయింది."

ఇంజనీరమ్మ అదే రోజు విరిగిన గొట్టాల్లో మిగిలిన బ్రేక్ ఆయిల్ తీసి పరీక్షకు పంపింది. ఆయిల్‌ను ఎంత నొక్కినా నలగదు, అందుకే కాలి బలం చక్రం దాకా చేరుతుంది. కానీ ఆ ఆయిల్‌కు ఒక పాడు గుణం ఉంది. గాలి తగిలితే చాలు, అందులోని తేమను తాగేస్తుంది. తేమ తాగిన ఆయిల్ త్వరగా మరుగుతుంది. మరిగితే ఆవిరి బుడగలు లేస్తాయి. బుడగలు నలుగుతాయి. అప్పుడు కాలు ఎంత తొక్కినా బుడగల్నే తొక్కుతుంది. ఆ రోజు కారులో పోసిన ఆయిల్ తేమ తాగి ఉంది.

ఫలితం రాకముందే వసపిట్ట ఆమె గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. చేతులకు కట్లు. కొత్త డబ్బా తెరవాల్సింది పోయి, అంతకుముందు రోజు తెరిచిన డబ్బాలో మిగిలింది పోశానని, దాని మూత సరిగ్గా బిగించలేదని చెప్పాడు.

"మిగిలింది పారబొయ్యాలని నేను ఎక్కడా రూలు పెట్టలేదు," అంది ఇంజనీరమ్మ. "తప్పులో నాకూ వాటా ఉంది. పైవాళ్ళకు అలాగే చెప్తాను." అన్నమాట ప్రకారమే చెప్పింది. వసపిట్టను పనిలోంచి తీసెయ్యలేదు.

బావకు మాత్రం చెప్పలేదు. చెప్తానని వాడు అంటూనే ఉన్నాడు, అక్క ఆపింది. "కాలు నేల మీద ఆననీ. ఇప్పుడు చెప్తే మంచం మీంచి దూకుతాడు." వాడు రోజూ ఆసుపత్రికి వెళ్ళేవాడు. బావకు ఒళ్ళు తుడిచేవాడు, బెడ్‌పాన్ తీసేవాడు, ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాడు. జోకులు వేసేవాడు. ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఒక్క దున్నకే తెలియదు.

ఊతకర్రల మీద నడవగలిగిన మొదటి వారంలోనే దున్న ఫ్యాక్టరీకి వచ్చాడు. కారు శకలాలను షెడ్డులో నేల మీద పరిచి ఉంచారు. ఏ ముక్క ఎక్కడిదో ఆ వరసలో. అతను ఒక్కొక్కటే చూస్తూ నడిచాడు. ఒక నల్లబారిన డిస్కు దగ్గర ఆగి కర్ర చివరతో తట్టాడు. నేనూ మరో ఇద్దరూ అక్కడే ఉన్నాం. వసపిట్ట అతని పక్కనే ఉన్నాడు.

"బావా," అన్నాడు. "ఆ ఆయిల్ పోసింది నేనే. మూత తెరిచి ఉన్న డబ్బా అది."

దున్న తల తిప్పి చూశాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

"మీ అక్కకు?"

వసపిట్ట కుట్టే గది వైపు చూశాడు.

ఊతకర్ర లేవడం నేను చూడలేదు, తగలడం విన్నాను. చెక్క విరిగిన చప్పుడనుకున్నాను. విరిగింది దవడ. వాడు డిస్కుల మీద పడ్డాడు. దున్న ఒంటికాలి మీద వాడి మీదికి కూలబడి, కర్ర పారేసి పిడికిలితో మొదలుపెట్టాడు. మొహం మీద, చెవి మీద, మళ్ళీ మొహం మీద. అరవలేదు, తిట్టలేదు. రేకు సొట్ట తీసేవాడిలా ఒకే వరసలో, ఒకే బలంతో కొట్టాడు. వసపిట్ట చేతులు అడ్డం పెట్టుకోలేదు. కాలిన మచ్చలున్న ఆ చేతులు రెండు పక్కలా పడి ఉన్నాయి. మేము ముగ్గురం పట్టి లాగితే నా వేలు విరిగింది, ఇంకొకడికి మోచెయ్యి తగిలి పన్ను ఊడింది. మెడ చుట్టూ బెల్టు వేసి లాగితే గాని ఆగలేదు. ఆగాక తన చేతిని ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు.

కుట్టే గదిలోంచి ఆమె వచ్చింది. పరిగెత్తలేదు. తోలు కోసే కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. తమ్ముడి పక్కన కూర్చుని, ఊపిరాడేలా తల పక్కకు తిప్పి, నోట్లోంచి నెత్తురు, విరిగిన పళ్ళు వేలితో బయటికి తీసింది. అప్పుడు లేచి మొగుడి దగ్గరికి వచ్చింది. కత్తెర చూసి మేము వెనక్కి తగ్గాం. ఆమె దాన్ని ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చేత్తో చెంప మీద కొట్టింది. ఆ మెడ పక్కకు తిరిగింది.

"నీ ఎంగిలి ఎత్తినవాణ్ణి కొట్టావు," అంది. "చెప్పొద్దన్నది నేను. నన్ను అడగాల్సింది."

పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చింది కూడా ఆమే. వసపిట్ట దవడకు తీగ కట్టి ఉంది, వాడు మాట్లాడలేడు. కోర్టులో దున్నను అడిగితే, "కొట్టాను," అన్నాడు. కోపంలో ఉన్నావా, నొప్పిలో ఉన్నావా అని లాయరు అందించబోయాడు. "కొట్టానని చెప్తున్నాను కదండీ," అన్నాడు. కొన్ని నెలలు జైలు పడింది. అక్కడ ఎవడో కుంటోడా అని కలబడితే ముక్కు పగలగొట్టించుకుని వచ్చాడు. ఈసారి తను చెయ్యి ఎత్తలేదని చెప్పుకున్నారు. నిజమో కాదో నాకు తెలియదు.

అతను తిరిగి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఆమె తమ్ముడితో అదే వీధిలో వేరే వాటాలో ఉంటోంది. దున్న మొదటి రోజే వెళ్ళి తలుపు కొట్టాడు. వసపిట్ట తీశాడు. మొహం ఒక పక్కకు ఒరిగిపోయి ఉంది. ఎడమ చెవి వినపడదు. మనిషి మారిపోయాడు. అడిగినదానికి జవాబు, అంతే.

"కొట్టు," అన్నాడు దున్న గుమ్మంలో నిలబడి. "నీ ఇష్టమొచ్చినంత కొట్టరా. చెయ్యి ఎత్తను."

"కొట్టను బావా," అన్నాడు వాడు. మాట కాస్త ముద్దగా వస్తోంది. "కొడితే నీకు బాగుంటుంది. నాకేం బాగుంటుంది?"

లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది. "తలుపెయ్యరా, అన్నం చల్లారిపోతోంది." తలుపు పడింది.

మోకాలు మడవలేని మనిషి కారు నడపలేడు. ఇంజనీరమ్మ అతన్ని డిస్కులు పగలగొట్టే గదిలో పెట్టుకుంది. అక్కడ ఒక మోటారు డిస్కును నాలుగొందల వేగానికి సరిపడా తిప్పుతుంది, బ్రేకు పట్టుకుంటుంది, మళ్ళీ తిప్పుతుంది. ఎప్పుడు, ఎక్కడ, ఎలా పగులుతుందో తెలిసేదాకా. మందపాటి గాజు వెనక దున్న కూర్చుని చూసేవాడు. డిస్కు పగిలినప్పుడు పిడుగు పడ్డట్టు గది అదిరేది. ముక్కలు ఉక్కు గోడలో దిగేవి. వాటిని పట్టకారుతో పీకి బల్ల మీద పేర్చడం కూడా అతని పనే. చాలా ఏళ్ళు చేశాడు. వసపిట్ట మా దగ్గర మానేసి బస్సు గ్యారేజీలో చేరాడు. బస్సుల బ్రేకులు గాలితో పనిచేస్తాయి, ఆ గాలి లీకయ్యే చప్పుడు ఒక్క చెవితో పట్టలేకపోతున్నానని ఒకసారి నాతో అన్నాడు.

ఆమె మళ్ళీ అతని ఇంటికి వెళ్ళలేదు. కానీ రెండో ఏడాదిలో ఎప్పుడో, మధ్యాహ్నం క్యాంటీన్‌లో తన క్యారేజీ తెచ్చి అతని బల్ల దగ్గర కూర్చుంది. అతను తల ఎత్తలేదు. మరుసటి రోజూ కూర్చుంది. తర్వాత అది అలవాటయింది. మాట్లాడుకునేవాళ్ళు. గేటు దాటాక మాత్రం ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. ఇదేం కాపురం అని ఒకామె అడిగితే, "మధ్యాహ్నం కాపురం," అందట.

ఒకరోజు డిస్కు కాదు, డిస్కును పట్టుకునే ఇరుసే తెగింది. గాజు ఆగలేదు. దున్న చెంప చెవి దగ్గర్నుంచి గడ్డం దాకా తెరుచుకుంది. భుజంలో వేలెడు లోతున ముక్క దిగింది. నేనే బండిలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కుట్లు వేసి పడుకోబెట్టారు. కబురు అందుకుని ఆమె వచ్చింది, వెనకే తమ్ముడు. వాడి చేతులకు గ్రీజు అలాగే ఉంది. ఆమె గుమ్మం దగ్గరే ఆగిపోయింది. వాడు మాత్రం లోపలికొచ్చి, మంచం చుట్టూ తిరిగి, వినపడే చెవి బావ వైపు ఉండేలా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు. కుట్లను ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు.

"బావా," అన్నాడు. "ఈసారి నేను ఆ చుట్టుపక్కల లేను. గ్యారేజీలో సాక్షులున్నారు, కావాలంటే పిలిపిస్తాను."

దున్న ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అతని పొట్ట కదిలింది. నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. చెంప మీద రెండు కుట్లు తెగి, నెత్తురు దిండు మీదికి కారింది. నర్సు పరిగెత్తుకొచ్చి, నవ్విందెవరు, నవ్వించిందెవరు అని ఇద్దర్నీ కలిపి తిట్టింది. వసపిట్ట కుర్చీ వదిలి లేవలేదు. గ్రీజు చేత్తోనే దూది అందుకుని బావ చెంపకు అదిమి పట్టుకున్నాడు.